జ్ఞాపకం అప్రస్తుతమా? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల విద్యార్థి ఆంగ్ల పాఠ్య పఠనం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కళాశాల ఆంగ్ల తరగతిలో నిర్ణయించిన పాఠాన్ని చదివినప్పుడు విద్యార్థికి కలిగే తొలి స్పందన చాలావరకు ఇంటి నుంచి, ఊరి నుంచి, పని నుంచి వస్తుంది. పరీక్ష దాన్ని అడగదు. విమర్శ కూడా సొంత జ్ఞాపకం చొరబాటును పఠన దోషంగా లెక్కించిన సందర్భాలున్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు చదువరి స్థానం నుంచి వర్డ్స్‌వర్త్, ఓ. హెన్రీ, రాబర్ట్ ఫ్రాస్ట్ రచనలను పరిశీలించి, అటువంటి స్పందన ఎక్కడ పఠనమవుతుందో, ఎక్కడ కాదో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం. అభినవగుప్తుడు చెప్పిన వాసన, రసవిఘ్నం అనే రెండు భావనలు ఇక్కడ ప్రమాణాలు.

కీలకపదాలు: పాఠక స్పందన, ఆంగ్ల బోధన, వాసన, రసవిఘ్నాలు, గల్ఫ్ వలస, సాంచాలు, ఉత్తర తెలంగాణ

1. ఉపోద్ఘాతం

విద్యార్థుల స్పందనను విమర్శ పరిశీలనకు పెట్టిన గ్రంథాల్లో ఐ. ఎ. రిచర్డ్స్ 1929లో ప్రచురించిన ‘ప్రాక్టికల్ క్రిటిసిజమ్’ ప్రసిద్ధమైనది. కవి పేరు, కాలం తెలియనివ్వకుండా 13 కవితలను ఆయన కేంబ్రిడ్జిలో తన ఉపన్యాసాలకు వచ్చేవారికి ఇచ్చాడు. వారు రాసిచ్చిన వ్యాఖ్యలను వర్గీకరించి, కవితా పఠనంలో ఎదురయ్యే 10 చిక్కులను గుర్తించాడు. చదువరి సొంత జీవితంలోని ఏదో జ్ఞాపకం మధ్యలో దూరి కవితను పక్కదారి పట్టించడం వాటిలో ఒకటి. తెలుగులో దీన్ని ‘స్మృతిజన్య అప్రస్తుతం’ అనవచ్చు.

రిచర్డ్స్ జ్ఞాపకాన్ని మొత్తంగా కొట్టివేయలేదు. కవితతో సంబంధం లేనిదాన్ని మాత్రమే తప్పుపట్టాడు. అయితే సంబంధం ఉందో లేదో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. ఆంగ్ల కవితలోని పిట్ట, చెట్టు, ఋతువు కేంబ్రిడ్జి చదువరికి పుట్టుకతో తెలిసినవి. అతని జ్ఞాపకం కవితలో కలిసిపోతుంది కనుక అది జ్ఞాపకంగా కనిపించదు. జగిత్యాలలో అదే కవితను చదివే విద్యార్థి జ్ఞాపకం మాత్రం వేరే రంగులో ఉంటుంది, వెంటనే కంటికి తగులుతుంది. కంటికి తగిలినంత మాత్రాన అది అప్రస్తుతమని తేల్చడం తొందరపాటు.

మన పరీక్షా విధానం ఈ తొందరపాటును నియమంగా మార్చుకుంది. సందర్భసహిత వ్యాఖ్యకు గైడులో ఒక అచ్చు ఉంటుంది. పేరా జవాబుకు మరొకటి, వ్యాసరూప సమాధానానికి ఇంకొకటి. కవి పరిచయం, సారాంశం, సందేశం అనే వరుస మారదు. లూయీ రోజెన్‌బ్లాట్ 1978 నాటి తన గ్రంథంలో పఠనాన్ని రెండు తీరులుగా చెప్పింది: చదివిన తరవాత పట్టుకుపోవలసిన సమాచారం కోసం చదవడం, చదువుతున్నంతసేపూ లోపల జరిగేదాన్ని అనుభవించడం. మందుసీసా మీది చీటీని మొదటి తీరులో చదవాలి. మన కళాశాలల్లో కవితను కూడా ఆ చీటీలాగే చదివిస్తున్నారు.

ఈ వ్యాసంలో ‘విద్యార్థి’ అనే మాట సర్వేలో తేలిన సగటు మనిషిని గాని, ఒక ప్రత్యేక వ్యక్తిని గాని సూచించదు. అది ఒక చదువరి స్థానం. వరి, పసుపు, బీడీ, సాంచా, దుబాయి అనే మాటలు ఇంట్లో రోజూ వినిపించే చోటు నుంచి ఆంగ్ల పాఠాన్ని చూస్తే ఏమి కనిపిస్తుందన్నదే పరిశీలనాంశం. జగిత్యాల, కోరుట్ల నేడు జగిత్యాల జిల్లాలోనూ, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలోనూ ఉన్నాయి. 2016 అక్టోబరు 11 వరకు మూడూ కరీంనగర్ జిల్లావే. 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం పరిధి కూడా ఈ ప్రాంతమే.

2. పరాయి వాచకం – రెండు సాక్ష్యాలు

నిర్ణీత పాఠాలపై తెలంగాణ విద్యార్థి స్పందనకు బలమైన లిఖిత సాక్ష్యం కంచ ఐలయ్య 1996లో ఆంగ్లంలో వెలువరించిన ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’లో ఉంది. బహుజన కుటుంబం నుంచి వచ్చిన పిల్లలకు షేక్‌స్పియర్ ఎంత పరాయివాడో కాళిదాసూ అంతే పరాయివాడని ఆయన వాదన. మిల్టన్ ఉన్న ఆంగ్ల వాచకానికీ, మేఘసందేశం ఉన్న తెలుగు వాచకానికీ ఆ పిల్లల దృష్టిలో అక్షరాల సంఖ్యలో తప్ప తేడా లేదంటాడు. తెలుగు శాఖలు ఈ మాటను ఎంత త్వరగా మరచిపోయాయో గమనించదగ్గదే. పాఠం పరాయిదైపోవడానికి భాష ఒక్కటే కారణం కాదని, తమ బతుకు అందులో లేకపోవడం అసలు కారణమని ఈ సాక్ష్యం రుజువు చేస్తుంది.

ఐలయ్య వాదన వస్తువు దృష్ట్యా సరైనదే. కాని పాఠంలో ఎవరి కథ ఉన్నదన్న ప్రశ్న దగ్గరే అది ఆగుతుంది. పరాయి కథలో తన పనిని, తన ఇంటి లెక్కను గుర్తుపట్టే చదువరి చేసే పని ఆ వాదనలో ఇమడదు.

రెండో సాక్ష్యం సిరిసిల్ల ప్రాంతానిదే. హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి చదువు నిజాం కాలపు ఉర్దూ మాధ్యమంలో సాగింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనభాష ఉర్దూ, ఆంగ్లం తప్పనిసరి పాఠ్యాంశం. తెలుగు పల్లె పిల్లవాడికి బడి భాష అప్పుడు ఉర్దూ, ఇప్పుడు ఇంగ్లీషు. ఆనాటి ఉర్దూ ఆయనకు పరీక్షతో ముగిసిపోలేదు. తెలుగు గజలుగా తిరిగి వచ్చింది. బడిలో తప్పనిసరై వచ్చిన భాష చెవికెక్కితే ఏమవుతుందో చెప్పడానికి ఈ ప్రాంతం వేరేచోట ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు.

3. వాసన, విఘ్నం

రిచర్డ్స్ ఎదుర్కొన్న సమస్యను అభినవగుప్తుడు అంతకు తొమ్మిది శతాబ్దాల ముందే మరో దిక్కు నుంచి చూశాడు. రసానుభవానికి సహృదయుడిలో ముందుగా వాసన ఉండాలన్నాడు. లోకంలో అనుభవించిన రతి, శోకాదుల సంస్కారం లోపల నిలిచి ఉండకపోతే కావ్యం దేన్నీ మేల్కొల్పలేదు. అంటే జ్ఞాపకం పఠనానికి అడ్డు కాదు, అర్హత. అదే అభినవగుప్తుడు రసవిఘ్నాలను లెక్కించేటప్పుడు ‘నిజసుఖాదివివశీభావం’ ఒకటని చెప్పాడు. తన సొంత సుఖదుఃఖాల్లోనే మునిగిపోయినవాడికి కావ్యం అందదు. జ్ఞాపకం లేనివాడు చదవలేడు, జ్ఞాపకంలోనే ఆగిపోయినవాడూ చదవలేడు.

కనుక విద్యార్థి స్పందనకు పెట్టవలసిన పరీక్ష ఒకటే. ఆ జ్ఞాపకం తిరిగి పాఠంలోని మాట దగ్గరికి వచ్చిందా? వచ్చి, అంతకుముందు కనిపించని దేన్నైనా చూపిందా? ‘మా అమ్మ కూడా పొలంలో పాడుతుంది’ అని ఆగిపోతే అది పఠనం కాదు. ఆ మాట వెంట కవితలో ఒక కొత్త ప్రశ్న లేస్తే అది పఠనం.

4. ఒంటరి కోతగత్తె

భారతీయ కళాశాల సంకలనాల్లో తరతరాలుగా తిరుగుతున్న కవితల్లో వర్డ్స్‌వర్త్ ‘ది సాలిటరీ రీపర్’ ఒకటి. 1805లో రాసి 1807లో ప్రచురించిన 32 పంక్తుల కవిత. స్కాట్లాండ్ కొండసీమలో ఒక యువతి ఒంటరిగా పంట కోస్తూ పాడుతుంటుంది. దారిన పోయే వక్తకు ఆ భాష తెలియదు. పాట విషయాన్ని ఊహిస్తాడు, కదలక నిలబడి వింటాడు, కొండెక్కి వెళ్లిపోతూ పాటను మనసులో మోసుకుపోతాడు. గైడులు చెప్పే సందేశం: సంగీతానికి భాష అడ్డు కాదు.

ఈ కవితలో జగిత్యాల విద్యార్థి నిలబడవలసిన చోటు ఏది? గైడు ఆమెను వక్త పక్కన నిలబెడుతుంది. కాని వరినాట్ల కాలంలో ఆమె తల్లి మడిలో ఉంటుంది. పనిచేస్తూ పాడే స్త్రీని దారిలో ఆగి చూడవలసిన వింతగా ఆమె ఎన్నడూ ఎరగదు. కవిత కోరిన ఆశ్చర్యం ఆమెకు కలగకపోవడం రసహీనత కాదు. ఆమె వచ్చింది కోతగత్తె ఇంటి నుంచి.

అక్కడి నుంచి చూసే కళ్లకు మొదట తగిలేది కవిత శీర్షికే. నాటు పాట ఒంటరి పాట కాదు. ఒకామె ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. బతుకమ్మ పాటదీ అదే తీరు. ‘ఒక్కతే ఎందుకు కోస్తున్నది? కూలోళ్లు దొరకలేదా?’ అని ఈ విద్యార్థి అడిగితే తరగతి నవ్వవచ్చు. ఆ ప్రశ్న మాత్రం కవిత చరిత్రలోకి నేరుగా దారి తీస్తుంది. 1746లో కల్లోడెన్ యుద్ధంలో ఓడిన తరవాత స్కాటిష్ హైలాండ్స్‌లో పాత సామాజిక వ్యవస్థ కూలిపోయింది. గొర్రెల మేతకోసం రైతుకుటుంబాలను భూముల నుంచి ఖాళీ చేయించడం పద్దెనిమిదో శతాబ్దం ఉత్తరార్ధంలో మొదలై తరవాతి శతాబ్దంలోకి సాగింది. వేలమంది సముద్రం దాటి ఉత్తర అమెరికాకు పోయారు. వక్త ఊహించిన పాత దుఃఖాలకు, పాత యుద్ధాలకు ఈ చరిత్ర దగ్గరిది. ఆమె ఒంటరితనం కవికి సౌందర్యం. కూలీల లెక్క తెలిసిన చదువరికి అది ఒక సమాచారం.

కవితలోని రెండో చరణం దగ్గర ఈ ప్రాంతపు పఠనం మరింత విచిత్రంగా తిరగబడుతుంది. కోతగత్తె పాట ఎంత హాయిగా ఉందో చెప్పడానికి వక్త లోకం అంచులను తెచ్చుకుంటాడు. అరేబియా ఇసుకల్లో అలసిన బాటసారులకు వినిపించే నైటింగేల్ పాట ఒకటి, సుదూర హెబ్రిడీస్ దీవుల కోకిల కూత మరొకటి. లండన్ పాఠకుడికి అరేబియా ఎడారి ఎన్నడూ చూడబోని దూరం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో ఇంటికొకరు కాకపోయినా వాడకట్టుకు కొందరైనా పోయివచ్చిన చోటది. దుబాయి, మస్కట్, సౌదీ అనేవి ఇక్కడ ఊరి పక్క పేర్లంత మామూలు. కవిత అతిదూరాన్ని సూచించడానికి వాడిన ప్రతీక ఈ విద్యార్థికి నాన్న పనిచేసే చోటు. ఆ ఇసుకలో నీడ పట్టున కూచున్న అలసిన గుంపు పాటలు వినే బాటసారులు కారు, పనివేళ మధ్యలో గుక్కతిప్పుకుంటున్న కార్మికులు. హెబ్రిడీస్‌కూ, ఎన్నడూ వినని నైటింగేల్‌కూ మాత్రం అర్థాలు వెతుక్కోవాలి.

దీన్ని స్మృతిజన్య అప్రస్తుతమని పక్కన పెడితే నష్టపోయేది కవితే. వక్త చెవికి అరేబియా అలంకారంగా ఎందుకు పనికివచ్చిందన్న ప్రశ్న ఈ స్థానం నుంచే సహజంగా లేస్తుంది. అక్కడి అలసట అతనికి కథల్లో విన్న అలసట. అదే వరసలో చూస్తే పొలంలోని అలసట కూడా అతని వర్ణనలో లేదు. వంగిన నడుమును అతను ఒకసారి చూస్తాడు, నొప్పిని చూడడు. కోతగత్తె పాడటం ఆపదు, తనను ఒకరు వింటున్నారని ఆమెకు తెలియదు.

వర్డ్స్‌వర్త్‌ను నిందితుడిగా నిలబెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అసలు ఈ దృశ్యాన్ని ఆయన స్వయంగా చూసి రాయలేదు. 1803లో స్కాట్లాండ్ యాత్ర చేసినా, ఈ కవితకు మూలం మిత్రుడు థామస్ విల్కిన్సన్ యాత్రారచన రాతప్రతిలోని ఒక వాక్యం. ఆ విషయాన్ని ఆయన దాచుకోలేదు. అంటే ఈ కవితే ఒక చదువరి స్పందన. చదివిన వాక్యానికి తన యాత్రా జ్ఞాపకాన్ని కలిపి కవి కట్టుకున్నది. కవికి చెల్లిన హక్కు డిగ్రీ విద్యార్థికి చెల్లదనడానికి కారణం కనిపించదు.

ఈ పఠనానికి ఇటీవల మరో మెలిక పడింది. కొన్నేళ్లుగా కరీంనగర్, జగిత్యాల ప్రాంతాల్లో వరినాట్లకు బీహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి కూలీల గుంపులు వస్తున్నాయి. కోతలను యంత్రాలు ఎప్పుడో తీసుకున్నాయి. ఇవాళ ఇక్కడి విద్యార్థి పొలం గట్టు మీద నిలబడితే మడిలోంచి వినిపించే భాష ఆమెకు తెలియకపోవచ్చు. తల్లివైపు నిలబడి కవితను చదివిన విద్యార్థి ఇప్పుడు నిజంగానే వక్త నిలిచిన చోటికి వచ్చింది. ఒకవైపు ఆమె ఇంటివాళ్లు పరాయి నేలలో కూలీలు. మరోవైపు ఆమె ఊరి నేలలో పరాయి కూలీలు. వాళ్లేమి మాట్లాడుకుంటున్నారో ఎవరైనా చెప్పేవారున్నారా అని ఆమె అడుగుతుందా, ఊరికే విని ఇంటికి పోతుందా అన్నది కవిత ఆమె ముందు పెట్టే అసలు ప్రశ్న. అది ఏ ప్రశ్నపత్రంలోనూ ఉండదు.

5. సిరిసిల్లలో డెల్లా లెక్క

ఓ. హెన్రీ 1905లో ప్రచురించిన ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ కథ తెలియని ఆంగ్ల విద్యార్థి అరుదు. భర్తకు గడియారపు గొలుసు కొనడానికి డెల్లా జుట్టు అమ్ముతుంది. ఆమె జుట్టుకు దువ్వెనలు కొనడానికి జిమ్ గడియారం అమ్ముతాడు. నిస్వార్థ ప్రేమ అన్నది తరగతి గది తీర్పు.

కథ మాత్రం డబ్బు లెక్కతో మొదలవుతుంది. డెల్లా దగ్గరున్నది 1 డాలరు 87 సెంట్లు. ఇంటి అద్దె వారానికి 8 డాలర్లు. ఒకప్పుడు 30 డాలర్లున్న జిమ్ వారపు సంపాదన ఇప్పుడు 20కి పడిపోయింది. ఆ 30 డాలర్ల రోజుల్లో గుమ్మం దగ్గరి పేరుచీటీ మీద నిడివిగా విచ్చుకున్న మధ్యపేరు ఇప్పుడు ఒక్క అక్షరానికి కుదించుకుపోదామా అన్నట్టు వెలిసిపోయిందని రచయిత హాస్యంగా రాస్తాడు. సందేశం కోసం వెతికే చదువరి ఈ పేరాను దాటేస్తాడు. సాంచాల ఇంట్లో పెరిగిన చదువరి దాటలేడు. ఆర్డరుంటే సాంచా నడవడం, లేకపోతే ఆగడం, మీటరు లెక్కన కూలి, దాంతో ఇల్లు – ఇవి తెలిసినవాడికి 30 నుంచి 20 అన్నది కథకు నేపథ్యం కాదు, కథను నడిపించే కారణం. సంపాదన తగ్గకపోతే జుట్టూ గడియారమూ అమ్ముడుపోవు. ప్రేమ గొప్పదే, కాని దానికి అంత ధర పెట్టించింది కూలికోత. తల్లి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్కగట్టుకునే ఇంటి నుంచి వచ్చినవారు, జుట్టుకు వచ్చిన 20 డాలర్లకు 1 డాలరు 87 సెంట్లు కలిపి, గొలుసుకు 21 డాలర్లు తీసేసి, మిగిలిన 87 సెంట్లను రచయితకంటే ముందే లెక్కపెట్టగలరు.

జుట్టు సంగతి ఇంకా సూక్ష్మమైనది. ఇక్కడ జుట్టుకు రెండు విలువలున్నాయి. వేములవాడ రాజన్నకు మొక్కుగా సమర్పించేది ఒకటి. దువ్వుకున్న వెంట్రుకలను ఉండచుట్టి దాచి, వీధిలోకి వచ్చే వెంట్రుకలవాడికి ఇచ్చి గిన్నె తీసుకునేది మరొకటి. మొక్కూ సరుకూ ఒకే తలమీద ఉండడం ఈ విద్యార్థికి కొత్త కాదు. ఓ. హెన్రీ కథ చివర పెట్టిన బైబిలు పోలిక, అంటే శిశువుకు కానుకలు తెచ్చిన జ్ఞానుల ప్రస్తావన, గైడు వివరణతో ఎండుగా మిగిలిపోతుంది. సరుకు మొక్కుగా మారడం తెలిసిన చదువరికి ఆ పోలిక లోపలి నుంచి అందుతుంది.

అయితే ఇక్కడే నిజసుఖాదివివశీభావం కూడా పొంచి ఉంది. సిరిసిల్ల అనగానే నేతన్నల ఆత్మహత్యలు గుర్తురావడం సహజం. ఆ దుఃఖాన్ని తెచ్చి డెల్లా మీద కుమ్మరిస్తే కథలోని కొంటె హాస్యం చచ్చిపోతుంది. రచయిత ఈ దంపతులను చూసి చిన్నగా నవ్వుతూనే ఉంటాడు. ఆ నవ్వును వినలేని పఠనం ఎంత నిజాయితీ గలదైనా లోపభూయిష్ఠమే.

6. గెట్టు

రాబర్ట్ ఫ్రాస్ట్ ‘మెండింగ్ వాల్’ 1914 నాటి ‘నార్త్ ఆఫ్ బోస్టన్’ సంపుటిలోది. ఇద్దరు పొరుగువాళ్లు ఏడాదికోసారి తమ భూముల మధ్య కూలిన రాతిగోడను తిరిగి పేర్చుకుంటారు. గోడ అవసరమేమిటని వక్త ప్రశ్నిస్తాడు. పొరుగువాడు తండ్రి నుంచి వచ్చిన సామెతనే మళ్లీ చెబుతాడు. వక్త ఆధునికుడు, పొరుగువాడు మూఢుడు అన్నది తరగతిలో స్థిరపడిన అర్థం.

కోరుట్ల పల్లెల్లో గెట్టు పంచాది తెలియని ఇల్లుండదు. అక్కడి చదువరి సానుభూతి పొరుగువాడివైపు మొగ్గడం సహజం. గెట్టు సరిగా ఉంటేనే పెద్దమనుషుల దగ్గరికి పోవలసిన పని ఉండదు. ఆవులున్నచోట గోడ కావాలి గాని ఇక్కడ ఆవుల్లేవు కదా అని కవితలో వక్త వాదిస్తాడు. బందెల దొడ్డి పేరు విన్నవాళ్లకు ఆ వాదన బలమూ బలహీనతా రెండూ తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, గోడ బాగుచేసే రోజు వచ్చిందని కొండ అవతలి పొరుగువాడికి కబురు పంపేది వక్తే. గోడను వెక్కిరించేవాడే ముందుగా పనికి పిలుస్తాడు. ముందు ఎవరు పిలిచారన్నది గెట్టు పంచాదిలో పెద్దమనుషులు అడిగే తొలి ప్రశ్నల్లో ఒకటి కనుక, ఈ చదువరి దృష్టి ఆ పంక్తి దగ్గర ఆగుతుంది.

7. సొంత కథ, పరాయి లిపి

పరాయితనానికి విరుగుడుగా స్థానిక రచనలను ఆంగ్ల వాచకంలో చేర్చే ప్రయత్నం తెలంగాణలో జరిగింది. సురవరం ప్రతాపరెడ్డి ‘సంఘాల పంతులు’ ఆంగ్లానువాదంలో ఇంటర్మీడియట్ పాఠమైంది. ప్రయత్నం మెచ్చదగినదే. కాని గైడు చేతికి వచ్చాక సురవరానికీ వర్డ్స్‌వర్త్‌కూ ఒకే గతి పట్టింది: పరిచయం, సారాంశం, సందేశం. పాఠాన్ని మార్చి ప్రశ్నను మార్చకపోతే స్థానికత విషయసూచిక దగ్గరే ఆగిపోతుంది.

అనువాద పాఠంలో మరో అవకాశం దాగి ఉంది. తెలుగు కథను ఆంగ్లంలో చదివే విద్యార్థి ప్రతి సంభాషణనూ మనసులో తిరిగి తెలుగులోకి, అందులోనూ తన ఇంటి తెలుగులోకి మార్చుకుంటూ పోతుంది. సిరిసిల్ల ప్రాంతపు నారాయణపూర్‌కు చెందిన నలిమెల భాస్కర్ ఆ ఇంటి తెలుగుకు ‘తెలంగాణ పదకోశం’ కూర్చాడు. ఆయనే మలయాళ నవలను తెలుగులోకి తెచ్చి 2013లో సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నాడు. తన మాండలికాన్ని అంత శ్రద్ధగా పోగుచేసుకున్న మనిషే అంత దూరపు భాషలోకి వెళ్లగలిగాడన్నది ఆంగ్ల తరగతి గమనించవలసిన సంగతి. విద్యార్థి మనసులో మార్చుకున్న ఆ మాటలు ప్రస్తుతానికి పాఠ్యపుస్తకం అంచుల్లో, పెన్సిలుతో, ఆంగ్ల పదం మీద చిన్నగా రాసిన తెలుగు అక్షరాలుగా మిగిలి ఉన్నాయి. మూల్యాంకనానికి వెళ్లే జవాబు పత్రంలో వాటికి చోటు లేదు. తరగతిలో చదువు ఎంత జరిగిందో తెలుసుకోవాలంటే పరిశోధకుడు తెరవవలసింది ఆ పుస్తకాలనే.